తడి బూట్లతో మెర్కాటో

ఇథియోపియా రాజధాని అడ్డిస్ అబాబాలో దిగిన మర్నాటికే నా తెల్ల కాన్వాస్ బూట్లు బెల్లం రంగుకు తిరిగాయి. 2019 జనవరి అది. వాళ్ల క్యాలెండర్ ప్రకారం ఇంకా 2011. వానలు లేని కాలం, ఎక్కడ చూసినా తవ్వి పోసిన రోడ్లు, సగం లేచిన బిల్డింగులు. మా అక్కావాళ్లు ఉండేది హవాసాలో. బావ అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. ఇథియోపియా కాలేజీల్లో తెలుగు మాస్టార్లు ఆ రోజుల్లో బాగానే కనబడేవాళ్లు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన బావ నా కాళ్ల వైపు చూసి, "ఈ బూట్లతో తిరిగితే ఇక్కడ ఎవరూ లెక్కచెయ్యరోయ్, ముందు ఇలా రా" అని ఫుట్‌పాత్ మీదికి లాక్కెళ్లాడు.

చెక్కపెట్టె ముందేసుకుని ఓ కుర్రాడు కూర్చున్నాడు. పదిహేనేళ్లుంటాయేమో. బూట్లు తుడిచేవాళ్లని అక్కడ 'లిస్ట్రో' అంటారు. ఇటలీవాళ్లు 1936 నుంచి ఐదేళ్లు ఆ దేశాన్ని ఆక్రమించి వదిలిపోయిన మాటల్లో అదొకటి. కాన్వాస్‌కి పాలిషేమిటి, వీడేం చేస్తాడు అనుకున్నాను. వాడు నా ముందు ఒక జత రబ్బరు చెప్పులు పెట్టాడు, వేసుకోమని. బూట్లకున్న తాళ్లు ఊడదీసి, చిన్న డబ్బాలో సబ్బునీళ్లు కలిపి, అరిగిపోయిన టూత్‌బ్రష్షుతో మొదలెట్టాడు. ముందు కుట్లు, తర్వాత తాళ్లు దూర్చే కన్నాల చుట్టూ, ఆ తర్వాత అడుగున అంచు. తాళ్లని వేలికి చుట్టుకుని విడిగా రుద్దాడు. నురగని గుడ్డతో అద్ది తీశాడే తప్ప ఒక్కసారి కూడా బూటు మీద నీళ్లు కుమ్మరించలేదు. నేను ఇంట్లో వాషింగ్ మెషిన్‌లో పడేసే బూట్లకి అంత మర్యాద అదే మొదటిసారి.

బావకి వచ్చిన కాస్త అమ్హారిక్‌తో, అంటే అక్కడి భాషతో, కబుర్లు నడిచాయి. దక్షిణాన వొలాయిటా నుంచి వచ్చాడట. ఒకే ఊరి కుర్రాళ్లు నలుగురు కలిసి ఒక గది. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి పెట్టె. ఆ మూల వాడిదేనా, ఎవరైనా కూర్చోవచ్చా అని అడిగించాను. ఎవరుపడితే వాళ్లు కూర్చోకూడదన్నాడు. పొద్దున పూట వాళ్ల ఊరివాడే ఇంకొకడు కూర్చుంటాడు, వాడు లేచాక వీడి 'తెరా'. మన తెర కాదు. అమ్హారిక్‌లో తెరా అంటే వంతు, వరస.

బూట్లు తడిగానే తొడుక్కున్నాను. ఎండలో తిరిగితే అవే ఆరతాయని మెర్కాటో బజారుకి బయల్దేరదీశాడు బావ.

నీలం తెలుపు మినీబస్సు అది. కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ పేట పేరు అరిచే కుర్రాడు 'వెయాలా', అంటే కండక్టర్ అన్నమాట. దిగాలంటే "వెరాజ్ అలె" అని కేకెయ్యాలి. నేను వేసిన కేక ఎవరికీ అర్థంకాక ఒక స్టాపు ముందుకెళ్లి దిగాం. అది సరే, నాకు ఆశ్చర్యమేసింది స్టాండ్ దగ్గర. బస్సు డ్రైవరూ కాకుండా, వెయాలా కూడా కాకుండా ఇంకో కుర్రాడు జనాన్ని వరసలో నిలబెడుతున్నాడు. ఏ బండి ముందో ఏది వెనకో వాడే తేలుస్తాడు. బండి నిండగానే డ్రైవరు వాడి చేతిలో చిల్లర పెడతాడు. వంతు కాపలా కాయడమే వాడి ఉద్యోగం.

మెర్కాటో కూడా ఇటలీవాళ్ల మాటే. పియాసా అనే పేట వైపు ఉన్న పాత సంతలోంచి నల్లవాళ్లని తరిమి, వాళ్లకి వేరుగా చూపించిన చోటు ఇది. ఇప్పుడు ఆఫ్రికాలోని అతి పెద్ద బజార్లలో ఒకటిగా చెప్పుకుంటారు. ఇక్కడా ప్రతి సందూ ఒక తెరానే. కారం అమ్మేది బెర్బెరె తెరా. అక్కడ తుమ్ములతో గుంటూరు మిర్చియార్డు గుర్తొచ్చి కాసేపు నిలబడ్డాను. నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం మినాలెష్ తెరాలో. "నీ దగ్గర ఏముందమ్మా" అని అర్థమట ఆ పేరుకి.

ఊళ్లో గోనెసంచి భుజానేసుకుని "కొరాలే" అని అరుస్తూ ఇంటింటికీ తిరిగేవాళ్లుంటారు. పాత రేకులున్నాయా అని అడగడం అరిగిపోయి ఆ కేక అయింది. మన వీధుల్లో "పాత ఇనప సామాన్లు కొంటాం" అని వచ్చే రాగమే. వాళ్లు కొన్న డబ్బాలు, డ్రమ్ములు, టైర్లు ఇక్కడికి చేరతాయి. వందలమంది ఒకేసారి సుత్తితో రేకు కొడుతుంటే చెవులు గింగిర్లెత్తిపోతాయి. ఒకాయన నూనె డ్రమ్ముని చీల్చి సాపు చేస్తున్నాడు. పక్కాయన దాన్ని గుండ్రంగా కత్తిరించి అంచు మడుస్తున్నాడు. మూడో మనిషి దగ్గరికి వెళ్లేసరికి అది కాఫీ గింజలు వేయించే పెనం. ఇంకోచోట లారీ టైర్లతో చెప్పులు కోస్తున్నారు, 'బెరెబాసో' అంటారు. ఒక జత కొన్నాను. ఇప్పటికీ అరగలేదు గానీ, మడమలు మాత్రం ఒరుసుకుపోతాయి.

ఇలాంటి పనుల్ని మన పేపర్లలో 'అసంఘటిత రంగం' అని రాస్తారు. ఆ మాట పెట్టినవాళ్లెవరో గానీ మినాలెష్ తెరాకి వచ్చి మాత్రం పెట్టలేదు.

అలాగని అంతా బాగుందని కాదు. బయటికి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన నేలమీద పట్టా పరిచి సాక్సులు, బెల్టులు అమ్ముకుంటున్నవాళ్లు ఒక్క క్షణంలో నాలుగు కొసలూ దగ్గరికి లాగి మూట భుజానేసుకుని పరుగెత్తారు. వెనక యూనిఫాం వాళ్లు. పట్టాకి నాలుగు మూలలా తాడు ముందే కట్టి ఉంచుకుంటారని అప్పుడు గమనించాను. ఛాతీకి చాక్లెట్లు, సిగరెట్ల పెట్టె తగిలించుకుని తిరిగేవాడు మాత్రం కదల్లేదు. వాణ్ణి 'సుక్ బెదెరెతె' అంటారు, రొమ్ము మీద కొట్టు అని. వాడికి సర్దుకోవడానికేముంది, గుంపులో కలిసి నడుచుకుంటూ పోయాడు.

హవాసా అక్కడికి ఓ 275 కిలోమీటర్లు. చెరువుగట్టు ఊరు. దిగగానే ఆటో కనబడితే ప్రాణం లేచొచ్చింది. మన ఆటోనే, వాళ్లు దాన్ని 'బజాజ్' అనే పిలుస్తారు. బేరం కూడా మన ఆటోవాళ్లలాగే ఆడాడు.

అక్కావాళ్ల వీధి చివర ఒకావిడ కాఫీ అమ్మేది. పీట, బొగ్గుల కుంపటి, కాఫీ కాచే మట్టి కూజా 'జెబెనా', పెట్టె మీద వరసగా పిడిలేని చిన్న కప్పులు, వాటిని 'సిని' అంటారు. అంతే కొట్టు. నేల మీద పచ్చగడ్డి పరిచేది. అప్పట్లో కప్పు ఐదు బిర్లు, మన లెక్కన పన్నెండు పదమూడు రూపాయలు. తెనాదాం అనే ఆకు రెమ్మ కాఫీలో ముంచి ఇస్తుంది. నాకది కరివేపాకూ కాదు, మరువమూ కాదు, రెండూ కలిపి నలిపినట్టు తగిలింది.

ఆవిడ చెల్లెలు ఊరవతల ఇండస్ట్రియల్ పార్కులో బట్టలు కుట్టేదట. 2016లో తెరిచిన పార్కు అది, బయటి దేశాల కంపెనీలు షర్టులు కుట్టించుకునేవి. కొత్తగా చేరినవాళ్లకి అప్పట్లో నెలకి 750 బిర్లు మూలజీతం. గది అద్దెకి, తిండికి చాలక ఆరు నెలలకే మానేసి, ఇప్పుడు అక్క పక్కనే మొక్కజొన్న కాలుస్తోంది. "అక్కడ బాత్రూమ్‌కెళ్లినా అడగాలి, ఇక్కడ నేనే అడిగించుకుంటా" అందని మా అక్క నవ్వుతూ తెలుగులో చెప్పింది.

అప్పుడే నలుగురైదుగురు ఆడవాళ్లొచ్చి ఆవిడ చేతిలో డబ్బులు పెట్టి వెళ్లారు, కాఫీ తాగకుండానే. 'ఎకుబ్' అంది అక్క. చీటీ అన్నమాట. కాకపోతే పాట లేదు, తగ్గింపు లేదు. కాగితం ముక్కలు చుట్టి ఒకటి తీస్తారు. పేరు వచ్చినవాళ్లకి మొత్తం. కూరగాయల గంప పెట్టుకునే ఆవిడ, ఇంజెరా అనే అట్టు పోసి అమ్మే ఆవిడ, పాచిపనులకెళ్లే ఇద్దరు, అందరూ అందులో ఉన్నారు. మా అక్క కూడా ఉంది! బావకి తెలీదట.

"వీళ్లకి బ్యాంకులు లేవా?" అన్నాను.

"ఉన్నాయి. బ్యాంకువాడు నువ్వు డబ్బు కట్టకపోతే ఇంటికొచ్చి, ఒంట్లో బాలేదా అని అడుగుతాడా?" అంది అక్క.

ఈ కాఫీ ఆవిడ వంతు ఇంకా రాలేదు. వస్తే ఏం చేస్తావని అడిగించాను. నెత్తిమీద ప్లాస్టిక్ పట్టా వైపు చూపించి, రేకు వేయిస్తానంది. ఒకటి కాదు, రెండు రేకులు, చెల్లెలి కుంపటి మీదికి కూడా వచ్చేట్టు. ఈ ఆదివారం మళ్లీ తీస్తారట.

నేను లేవబోతే చేత్తో కూర్చోమంది. కాఫీ మొదటి రెండు విడతలు, అబోల్, తోనా అయ్యాయి, మూడోది బెరెకా తాగకుండా లేవకూడదట. జెబెనాలో మళ్లీ నీళ్లు పోసి కుంపటి మీద పెట్టి విసరడం మొదలెట్టింది. దానికి డబ్బులు తీసుకోలేదు.