ఇటుక బట్టీలో అప్పు పుస్తకం

మనుషుల అక్రమ రవాణా అనగానే నకిలీ పాస్‌పోర్టులు, చీకటి ముఠాలు గుర్తుకొస్తాయి గాని, పట్టపగలు బలంగీర్ జిల్లా కాంటాబంజీ స్టేషనులో పిల్లాపాపలతో, వంటసామాను మూటలతో తెలంగాణ వైపు రైలెక్కే కుటుంబం గుర్తుకు రాదు. పెద్దపల్లి, యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీలలో చలికాలం నుంచి ఎండాకాలం చివరి దాకా పనిచేసే వారిలో చాలామంది పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల వారే. ఈ నేరాన్ని బయటపెట్టడం ఎందుకంత కష్టమంటే, వారిని పట్టి ఉంచేది ఒక అప్పు. అప్పు తీర్చడం ధర్మమని తీసుకున్నవారు కూడా మనస్ఫూర్తిగా నమ్ముతారు.

వినాయక చవితి మరునాడు అక్కడ నువాఖాయ్, అంటే కొత్త బియ్యం తినే పండుగ. ఆ రోజుల్లో చేతిలో పైసా లేని ఇంటికి సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారి, అడ్వాన్సు పట్టుకొని వస్తాడు. ఆ డబ్బును ఒక మనిషి పేరున కాక ‘పథురియా’ లెక్కన, అంటే ఒక మగవాడు, ఒక ఆడమనిషి, ఒక పిల్లో పిల్లవాడో కలిసిన జట్టుకు ఇస్తారు. పచ్చి ఇటుకలను ఎండకు తిప్పిపెట్టే పని పిల్లలది. వారికి వేరుగా కూలి ఉండదు.

ఒక బట్టీలో నేను అడ్వాన్సు పుస్తకం తిరగేశాను. వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి రాసి, దాని కింద వారం వారం బియ్యానికి ఇచ్చిన ఖర్చు, జ్వరం మందుల ఖరీదు, వానకు కరిగిపోయిన ఇటుకల కోత వరుసగా రాసి ఉన్నాయి. రాత మొత్తం తెలుగులోనే ఉంది. పక్కన వేలిముద్ర వేసిన మనిషికి ఒడియా చదవడం కూడా రాదు.

చట్టం మాత్రం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి అప్పులన్నింటినీ రద్దు చేయడమే కాక, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యతను అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని, ఆకలి వల్ల కలిగే ఒత్తిడి కూడా బలవంతమేనని తేల్చింది. అయినా తనిఖీకి వచ్చిన అధికారి యజమానిని పక్కనే నిలబెట్టుకొని ‘మిమ్మల్ని కొట్టారా, కట్టేశారా’ అని అడిగి, లేదనగానే వేతన వివాదమని రాసుకొని వెళ్లిపోవడం మామూలైపోయింది. ఊళ్లో తల్లి చనిపోతే కుటుంబమంతా వెళ్లగలరా, లేక ఒకరిని ఇక్కడ ఉంచి వెళ్లాలా అని అడిగితే అసలు సంగతి రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

బెదిరింపు ఉత్తదని ఎవరూ అనుకోరు. 2013 డిసెంబరులో కలహండి కూలీలు ఇద్దరి కుడిచేతులను దళారులు నరికేశారు. అడ్వాన్సు తీసుకున్న జట్టులో మిగతావారు తప్పించుకుపోయారన్నదే కారణం. సుప్రీంకోర్టు ఆ ఘటనను తనంతట తానే విచారణకు స్వీకరించింది.

మన వైపు మంచి ప్రయత్నాలూ జరిగాయి. 2017 జనవరిలో, పనుల్లో మగ్గే పిల్లలను వెతికి కాపాడే ‘ఆపరేషన్ స్మైల్‌’లో భాగంగా రాచకొండ పోలీసులు యాదాద్రి జిల్లా బట్టీలలో దాదాపు 200 మంది పిల్లలను గుర్తించారు. ఆ తర్వాత బట్టీల దగ్గరే ఒడియాలో చదువు చెప్పే బడులు పెట్టించారు. అప్పటి కమిషనర్ మహేశ్ భగవత్‌కు ఆ ఏడాది అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు లభించింది.

అయితే విడిపించడంతో పని పూర్తి కాదు. వెట్టి నుంచి విడుదలై అప్పు రద్దయిందని అధికారులు రాసిచ్చే విముక్తి ధ్రువపత్రం ఇవ్వకుండా రైలెక్కించి పంపేస్తే ఆ అప్పు అలాగే మిగులుతుంది, సర్దార్ మళ్లీ అదే గడప తొక్కుతాడు. 2016 నాటి కేంద్ర పథకం మగవారికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసులలో మూడు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. తక్షణం చేతికందేది మాత్రం 30,000 వరకే. మిగిలినది నిందితుడికి శిక్ష పడ్డాకే అన్నారు. నువాపడా నుంచి సాక్ష్యం చెప్పడానికి వాయిదా వాయిదాకూ కూలి మానుకొని భువనగిరి కోర్టుకు రాగల మనిషి ఎక్కడుంటాడో ఈ షరతు రాసినవారే చెప్పాలి. శిక్షతో ఉన్న ఆ ముడిని తీసేసి, ధ్రువపత్రం ఇచ్చిన రోజే మొత్తం సొమ్ము ఖాతాలో వేస్తే, తర్వాతి నువాఖాయ్ నాటికి సర్దార్ తెచ్చిన డబ్బును ఆ కుటుంబం వద్దనగలుగుతుంది.