కొలాబ్ బటన్‌తో పేరు వస్తుంది, మరి డబ్బు?

మొన్న ఒక స్నేహితురాలితో కలిసి చేసిన వీడియో యూట్యూబ్‌లో నా ఛానెల్‌లో పెట్టాను. కలిసి చేసిన వీడియోకి రెండో ఛానెల్‌ని కూడా జతచేసే కొలాబ్ ఆప్షన్ వల్ల నా పేరు పక్కనే ఆమె ఛానెల్ పేరు కూడా కనిపించింది. ఆమె సబ్‌స్క్రైబర్లలో చాలామందికి నేనెవరో తెలియదు. అలాంటివాళ్లు వచ్చి నా పాత వీడియోలు కూడా వెతుక్కుని చూశారు. ఈ మేలు నిజమైనదే, కాదనను.

కానీ ఆ స్క్రిప్ట్‌లో సగం ఆమెదే. ఎడిటింగ్ మొత్తం ఆమెదే. మాటకీ మాటకీ మధ్య నేను ఊపిరి పీల్చిన చప్పుళ్లు కూడా ఒక్కొక్కటిగా వెతికి తీసేసింది. యాడ్స్ ఆదాయం మాత్రం అప్‌లోడ్ చేసిన ఛానెల్‌కే, అంటే నాకే వచ్చింది. ఆమె వాటా నేను విడిగా పంపాను. అవతలి వాళ్లు పంపకపోతే చిన్న క్రియేటర్ ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలి?

ఇంకో టెన్షన్ ఏంటంటే, ఇలాంటి ఫీచర్లు ఎన్నాళ్లుంటాయో నమ్మకం లేదు. యూట్యూబ్‌లో ప్రేక్షకులే సబ్‌టైటిల్స్ రాసిచ్చే సౌకర్యం ఉండేది. వాడకం తక్కువ, స్పామ్ ఎక్కువ అంటూ 2020 సెప్టెంబరులో తీసేశారు. అప్పుడు చెవులు వినపడనివాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అంతకుముందు, 2013లో, వీడియోకి వీడియోతోనే జవాబిచ్చే ఫీచర్‌ కూడా పోయింది. ప్రేక్షకుల్ని పనిలో భాగం చేసిన ఆ రెండూ నాకు చాలా విలువైనవి.

కొలాబ్ రిక్వెస్ట్ ఒప్పుకునేటప్పుడే ఎవరి వాటా ఎంతో ఇద్దరూ ఖాయం చేసుకునే ఆప్షన్ రావాలి. ఈ మాటే ఫీడ్‌బ్యాక్‌లో రాసి పంపాను. మీరూ పంపండి.