ఉడుతకు మూడు చారలు

మెల్‌బోర్న్‌లో ఉడుతలు లేవు. రాత్రిళ్ళు మా ఇంటి కంచె మీద తిరిగేది పోసమ్ అనే చెట్లెక్కే జంతువు. అందుకే డిసెంబరు సెలవులకు విజయవాడ వచ్చామంటే, మా ఐదేళ్ళ అమ్మాయి సత్యనారాయణపురంలో అమ్మమ్మ పెరటి జామచెట్టును వదలదు. ఈసారి వచ్చిన రెండో రోజునే పక్కింటి బాబు దాని చేతిలోని జామకాయ అందుకోబోయాడు. "దయచేసి అను, ఇస్తాను" అంది. వాడు బిక్కమొహం వేశాడు. అమ్మ నా వంక తిరిగి, "ఆ మాట రైల్వే స్టేషన్లో వింటాం. ఇంట్లో ఎవరంటారే?" అంది.

ఆ మాట నేర్పింది నేనే. అక్కడి బడిలో మర్యాదకు ఒక మాట ఉంది కాబట్టి, తెలుగులో దానికి సరిజోడు వెతికి దాని నోట్లో పెట్టాను. కానీ మనం అడిగే తీరు అది కాదు. "ఇవ్వు" అంటే అధికారం, "ఇవ్వవూ" అంటే బతిమాలడం. ముందు ఒక "కాస్త", చివర ఒక "అమ్మా" చేరితే ఎంత గట్టి మనసైనా కరుగుతుంది. మన వినయం క్రియ చివర, పిలుపులో ఉంటుంది. దాన్ని విడదీసి ఒక్క మాటగా పిల్లల చేతికి ఇవ్వలేం. పాటలో పెట్టి ఇవ్వగలమేమో అనిపించింది. అలా మొదలైంది మా బొమ్మల పుస్తకం.

మొదటి రోజు పది నిమిషాల్లో రెండు పేజీలు రాసేశాను. ఉడుత వచ్చింది, చిలక మెచ్చింది, కాయ తెచ్చింది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి అంత్యప్రాస అడగకుండానే వచ్చి కూర్చుంటుంది. అంత తేలిగ్గా దొరికిన ప్రాసకు రుచి ఉండదు. అమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతూ విని, "దీనికి నడక లేదు" అంది. చిన్నప్పుడు సుమతీ శతకం కంఠస్థం చేసిన మనిషి. ఆ శతకంలోని కంద పద్యాల్లో గణాలన్నీ, అంటే అక్షరాల గుంపులన్నీ, నాలుగు మాత్రలవే. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత కాలం. ఆ లెక్క అమ్మకు పేరుతో తెలియదు, చేతికి తెలుసు. చప్పట్లు వేస్తూ నాలుగేసి మాత్రలకు ఒక దెబ్బ చొప్పున నా చేత మళ్ళీ రాయించింది.

చిట్టి ఉడుతమ్మ చెట్టెక్కింది
ముట్టక ముందే మాటడిగింది

చిలకమ్మా ఒక కాయివ్వవూ
చెలిమికి సగమే చాలమ్మా

రెండో అక్షరం కలిసే మన ప్రాస చేసే మేలు నాకు అప్పుడే తెలిసింది. ఇంగ్లీషులో పెరిగే మా పిల్లల నాలుకకు ద్విత్వాలు నిలవవు. చెట్టు "చెటు" అవుతుంది, కళ్ళు "కళు" అవుతాయి. ఎన్నిసార్లు దిద్దినా, నొచ్చుకుని ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు తప్ప పలకరు. ఇక్కడ మాత్రం "ట్ట" దగ్గర నాలుక ఆగకపోతే చప్పట్టు తప్పిపోతుంది. నేను దిద్దకుండానే మా అమ్మాయి మూడో రోజుకు "చెట్టెక్కింది" అని నిండుగా అంది. పక్కన కూర్చుని నేను కళ్ళు తుడుచుకున్నాను.

చివరి పేజీలో "అడగనిదే ఏదీ తీసుకోరాదు" అని నీతివాక్యం రాసుకున్నాను. మన నీతికథల అలవాటు అది. చదివి వినిపిస్తే అంతవరకూ చప్పట్లు కొడుతున్న పిల్లలిద్దరూ చేతులు దించేశారు. కొట్టేశాను. "ఇవ్వవూ" అని పాడిన నోటికి మళ్ళీ ఆ మాట ఎందుకు?

బొమ్మలు మా వీధిలోనే చిత్రలేఖనం చదువుకుంటున్న అమ్మాయి వేసింది. ముందుగా అందరం కొండపల్లి వెళ్ళి వచ్చాం. తెల్లపొణికి కర్రను చెక్కి, కాళ్ళూ చేతులూ విడివిడిగా చేసి, చింతగింజల పొడితో, రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతికించడం మా అమ్మాయి కన్నార్పకుండా చూసింది. ఆ బొమ్మల పెద్ద కళ్ళు, ముదురు రంగులు మా పుస్తకంలోకి వచ్చాయి. ఉడుత వీపు మీద చారలెందుకని అడిగితే, వారధి కట్టినప్పుడు రాముడు ప్రేమగా నిమిరిన వేళ్ళ గుర్తులని అమ్మమ్మ చెప్పింది.

ఏలూరు రోడ్డు దగ్గరి ప్రెస్సుకు వెళ్తే, నడిమి పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలన్నారు. ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలు కదా. మా దగ్గర 23 ఉన్నాయి. ఖాళీ పేజీ వదిలేద్దామనుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "ఉడుత సగమే తింది. మిగతా సగం కొమ్మ మీదే ఉంది. రాత్రి పోసమ్ వస్తుంది" అంటూ తనే బొమ్మ వేసింది. నల్లటి ఆకాశం, కొమ్మ, సగం జామకాయ, గుండ్రటి కళ్ళ జంతువు. అమ్మ పోసమ్‌ను ఎన్నడూ చూడలేదు. అయినా చప్పట్టు వేసి, "రాత్రికి వచ్చే అతిథికి సగము" అని పంక్తి కట్టింది.

తర్వాత కళ్ళజోడు సవరించుకుని బొమ్మను దగ్గరగా చూసి, "దీనికి చారలు లేవేమే?" అని అడిగింది.

"రాముడు అక్కడికి ఇంకా రాలేదు అమ్మమ్మా" అంది మా అమ్మాయి.