మెకెంజీ నది వెంట ఉత్తరానికి

కెనడాలో డాసన్ సిటీ దగ్గర డెంప్‌స్టర్ హైవే ఎక్కితే ఇనువిక్ దాకా 700 కి.మీ. పైగా కంకర రోడ్డే. దారిలో త్సీగెచిక్ అనే చిన్న ఊరి దగ్గర మెకెంజీ నది అడ్డొస్తుంది. వంతెన లేదు. వేసవిలో ఫెర్రీ నడుస్తుంది, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బండ్లు వెళ్తాయి. మంచు కట్టేటప్పుడూ విరిగేటప్పుడూ కొన్ని వారాలు దారి బంద్. మేం జులైలో వెళ్లాం కాబట్టి కారుతో సహా ఫెర్రీలో దాటాం.

గ్రేట్ స్లేవ్ సరస్సులో మొదలైన ఈ నది 1,700 కి.మీ. పైగా పారి ఉత్తరాన బోఫర్ట్ సముద్రంలో కలుస్తుంది. గోదావరికి వరద వానలతో వస్తే, దీనికి ఎండతో వస్తుంది. దక్షిణాన ఎగువ భాగం ముందు కరుగుతుంది, దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కొట్టుకొచ్చిన మంచు పలకలు అక్కడ ఇరుక్కుంటే నీళ్లు ఊళ్ల మీద పడతాయి. డెల్టాలోని అక్లావిక్‌కు ఈ బెడద ఉందనే ప్రభుత్వం 1950లలో ఇనువిక్ కట్టింది. అయినా కొందరు పాత ఊరు వదల్లేదు, అక్లావిక్ ఇప్పటికీ ఉంది. ఇనువిక్‌లో ఇళ్లు స్తంభాల మీద నిలబడి ఉంటాయి. ఇంటి వేడికి అడుగున గడ్డకట్టిన నేల కరిగితే ఇల్లు కుంగిపోతుంది మరి.

అక్కడి నుంచి 2017లో తెరిచిన రోడ్డు మీద టుక్టోయాక్టుక్ వెళ్లాం. చెట్లు పెరగని తీరం, కానీ ఒడ్డున దుంగలే దుంగలు! ఎగువ అడవుల నుంచి నది మోసుకొచ్చినవి. ఇనువియాలుయిట్ ప్రజల పూర్వీకులు ఇలాంటి దుంగలతోనే మట్టి కప్పిన ఇళ్లు కట్టుకున్నారు. నది ముఖద్వారం దగ్గర కిటిగార్యుయిట్‌లో బెలూగా తిమింగలాల వేటకు వేసవిలో వందలమంది చేరేవారు. బయటివాళ్ల నుంచి సోకిన జబ్బులతో 1900 తర్వాత కొన్నేళ్లకే ఆ ఊరు ఖాళీ అయింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన విషయం ఇదే.

నదికి పేరు మాత్రం అలెగ్జాండర్ మెకెంజీది. 1789లో పసిఫిక్‌కు దారి వెతుకుతూ వచ్చి, ఒక్క వేసవిలో సముద్రం దాకా వెళ్లి తిరిగిపోయాడు. మెకెంజీ వెంట నడిచిన చిపెవియన్ అనే స్థానిక తెగ నాయకుడినీ, ఆ నాయకుడి భార్యలనూ ఎంతమంది తలుచుకుంటారు?

1970లలో ఈ లోయ గుండా గ్యాస్ పైప్‌లైన్ వేయాలనుకున్నప్పుడు జడ్జి థామస్ బర్గర్ ఊరూరా తిరిగి వేటగాళ్లు, ముసలమ్మలు చెప్పింది వారి భాషల్లోనే విన్నారు. ముందు భూమి హక్కులు తేల్చండి, అందాకా పదేళ్లు ఆగండి అని 1977లో నివేదిక ఇచ్చారు. 1984లో ఇనువియాలుయిట్‌తో, 1992లో గ్విచిన్ అనే మరో స్థానిక తెగతో ఒప్పందాలు కుదిరాయి. ఆ తర్వాత మళ్లీ పైప్‌లైన్ మాట వచ్చినప్పుడు స్థానిక తెగల్లో చాలామంది అందులో వాటాదారులుగా కూర్చున్నారు. కాదనడానికైనా, సరేననడానికైనా నది ఒడ్డున బతికేవాళ్లకే హక్కుండాలి అని నేను గట్టిగా నమ్ముతాను. గ్యాస్ ధరలు పడిపోయి కంపెనీలు 2017లో ఆ ప్రాజెక్టును వదిలేశాయి.