రెండు చెరువుల మధ్య పరుగు

మా ఇల్లు తార్నాక, ఆఫీసు మాదాపూర్. 2019లో మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చినప్పటి నుంచీ రోజూ రెండు పూటలా అదే దారి. అమీర్‌పేట, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్. స్టేషన్ల పేర్లు నిద్రలో కూడా వరసగా చెప్పగలను. రైలు తిన్నగా పోతుంది. కింద రోడ్డు కనిపిస్తుంది గానీ అది ఎక్కడ ఎక్కుతోందో, ఎక్కడ దిగుతోందో ఐదేళ్లలో ఒక్కసారీ గమనించలేదు. 2024 ఆగస్టు 25న హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే సగం మారథాన్, పరుగెత్తాక ఆ రోడ్డు నాకు పూర్తిగా తెలిసింది.

పరుగు నాకు ఉస్మానియా క్యాంపస్‌లో అలవాటైంది. పక్కింటి వదిన వాకింగ్‌కి తోడు రమ్మంటే వెళ్లాను. రెండు నెలలు నడిచాక, ఒకరోజు ఆర్ట్స్ కాలేజీ ముందు కాళ్లు వాటంతట అవే వేగం పెంచాయి. తెల్లవారుజామున ఆ గులాబీ రంగు రాతి భవనం ముందు పరుగెత్తడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. నెమళ్లు అరుస్తుంటాయి. హాస్టల్ పిల్లలు పోలీసు ఉద్యోగాల కోసం ప్రాక్టీస్ చేస్తూ మన పక్కనుంచి గాలిలా దూసుకుపోతారు. వాళ్లలో ఒక అబ్బాయి నా బూట్లు చూసి, "అక్కా, మడమ కాడ అరిగినయ్, మార్చుండ్రి, మోకాళ్లు పోతయ్" అన్నాడు. పరుగులో నాకు మొదటి గురువు ఆ అబ్బాయే.

తర్వాత ఒక ఐదు కిలోమీటర్ల పరుగు, రెండు టెన్‌కేలు, అంటే పది కిలోమీటర్ల పరుగులు. వాటిలో ఒక టెన్‌కే అనుభవం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నగర శివార్లలో జరిగింది. ఫీజు తీసుకున్నారు, టీషర్ట్ ఇచ్చారు. ఏడో కిలోమీటరు దగ్గర నీళ్లిచ్చే హైడ్రేషన్ పాయింట్‌కి చేరేసరికి బల్ల మీద ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. ముందు వచ్చినవాళ్లకే నీళ్లు అయిపోయాయట. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లే ఎక్కువసేపు ఎండలో ఉంటారు, నీళ్లు ఎక్కువ అవసరమయ్యేదీ వాళ్లకే. ఏర్పాట్లు చేసేవాళ్లు ముందు లెక్క వేసుకోవాల్సింది ఈ వెనకవాళ్లనే. అక్కడ రోడ్డు పక్క ఇడ్లీ బండి ఆవిడ నన్ను చూసి, ఏమీ అడగకుండానే క్యాన్‌లోంచి చెంబుడు నీళ్లు ముంచి ఇచ్చింది. నా వెనక వచ్చినవాళ్లకూ ఇస్తూనే ఉంది. ఆవిడ వ్యాపారానికి ఉంచుకున్న నీళ్లవి. తర్వాత డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు. నాలుగు నెలలు తయారయ్యాను. వారంలో మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం ఒక పొడవాటి పరుగు. పన్నెండు, పద్నాలుగు, పదహారు, చివరికి పద్దెనిమిది. ముందురోజు సాయంత్రం హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో బిబ్, అంటే రన్నర్ నంబరు ఉండే కాగితం, తెచ్చుకున్నాను. రాత్రి దాన్ని టీషర్ట్‌కి నాలుగు పిన్నీసులతో పెట్టుకుని, వంకరగా ఉందని విప్పి, మళ్లీ పెట్టుకున్నాను. టెన్షన్‌తో నిద్ర సరిగ్గా పట్టలేదు. రెండున్నరకే మెలకువ వచ్చేసింది. ఒక అరటిపండు, రెండు బ్రెడ్ ముక్కలు తిన్నాను. మావారు స్కూటర్ మీద పీపుల్స్ ప్లాజా దగ్గర దించుతూ చిన్న పొట్లం చేతిలో పెట్టారు. ఉప్పూ, చక్కెరా కలిపిన పొట్లం.

నెక్లెస్ రోడ్డు అంతా జనం. ఫుల్ మారథాన్ వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. చీకట్లో హుస్సేన్ సాగర్ నీళ్లు, దూరంగా దీపాల వెలుగులో బుద్ధుడు. 1990లో తరలించేటప్పుడు ఈ సాగర్‌లోనే మునిగిపోయి, 1992లో మళ్లీ పైకి వచ్చి నిలబడ్డ విగ్రహం. ఆ పూట ఎందుకో ఆ సంగతి గుర్తొచ్చి ధైర్యంగా అనిపించింది.

స్టార్ట్ లైన్ దగ్గర నా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డారు. అరవై దాటి ఉంటాయి. ఇంతకుముందు చాలాసార్లు చేశారట. నాకు మొదటిసారి అని చెప్పగానే నాలుగు మాటలు చెప్పారు. "చూడు బిడ్డా, ఇది సాగర్. నీళ్లు యాడ నిలుస్తయ్? పల్లంల. అంటే ఈడికెళ్లి ఎటు పోయినా చడావే. చడావుల చిన్న చిన్న అడుగులెయ్యి. దిగుట్ల ఉరకకు." చడావు అంటే ఎక్కుడు. ఎన్నేళ్ల నుంచో ఈ ఊళ్లో ఉంటున్నాను, ఇంత తేలిక లెక్క నాకు ఎవరూ చెప్పలేదు.

జెండా ఊపారు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు గుంపు తోసుకుపోతుంది, మనం పరుగెత్తుతున్నట్టే ఉండదు. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక్కసారిగా అందరి ఊపిరి చప్పుడు వినపడింది. మాటలు ఆగిపోయాయి, వందల బూట్ల చప్పుడు మాత్రమే మిగిలింది. రాజ్‌భవన్ రోడ్డు, సోమాజిగూడ, పంజాగుట్ట. మామూలు రోజుల్లో పంజాగుట్ట సర్కిల్ దాటడానికి ఎంతసేపు పడుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఫ్లైఓవర్ మొత్తం మనుషుల కాళ్లదే. నేను 2:45 పేసర్ వెనకాల, అంటే రెండు గంటల నలభై ఐదు నిమిషాల్లో ముగించే వేగంతో నడిపించే మనిషి వెనకాల, ఉన్నాను. జెండా పట్టుకుని ఒకే వేగంతో పోయే ఆ పేసర్‌నీ, వెంట పోయే గుంపునూ కలిపి రన్నర్లు బస్ అంటారు. బస్ ఎక్కితే ఎంత వేగంతో పోవాలన్న బెంగ ఉండదు.

బంజారాహిల్స్‌లోకి వచ్చాక అసలు ఎత్తు మొదలైంది. కేబీఆర్ పార్కు పక్కన పరుగెత్తుతుంటే కంచె లోపల పెద్ద పెద్ద గుండ్లు కనిపిస్తాయి. ఈ నేల కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఊరంతా ఆ రాతి మీదే కూర్చుంది కాబట్టే ఇన్ని మిట్టలు, ఇన్ని పల్లాలు. పుస్తకంలో చదివినప్పుడు అదొక సమాచారం. పిక్కలు బిగుసుకుంటుండగా ఆ గుండ్లను చూస్తే వేరేగా ఉంటుంది. పెద్దాయన మాట తలుచుకుని అడుగులు చిన్నవి చేశాను. చూపు నాలుగు గజాల ముందు మాత్రమే పెట్టాను.

వాన లేదు గానీ మబ్బు, ఉక్క. ఆగస్టులో ఇదే కష్టం. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దాంతో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ప్రతి పాయింట్ దగ్గరా కాలేజీ పిల్లలు గ్లాసులు చాచి నిలబడ్డారు. "కమాన్ ఆంటీ" అని ఒక పిల్ల గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది. ఎన్నింటికి లేచి వచ్చిందో. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడుతుందని విని ఉన్నాను కాబట్టి మావారిచ్చిన పొట్లం అక్కడ విప్పాను.

చెక్‌పోస్ట్ దగ్గర తీన్మార్ కొడుతున్నారు. ఆ డప్పు దెబ్బ చెవిన పడగానే ఏ అలసటా గుర్తుండదు, అడుగు దానంతటదే దరువులో పడుతుంది. అక్కడి నుంచి రోడ్ నంబర్ 36, మెట్రో పిల్లర్ల పక్కనుంచి. పైన రైలు వెళ్తున్న చప్పుడు వినపడి తలెత్తి చూశాను. రోజూ నేను కూర్చునే రైలు, రోజూ నేను చూసే రోడ్డు. ఆ క్షణంలో నాకు కళ్లు చెమర్చాయి.

రోడ్ నంబర్ 45 మీదుగా దుర్గం చెరువు వైపు దిగుతాం. తప్పు చేసింది ఇక్కడే. అంతసేపు ఎక్కిన తర్వాత దిగుడు దొరికేసరికి ఒళ్లు తేలికైనట్టనిపించింది. బస్‌ని వదిలేసి ముందుకు ఉరికాను. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి కష్టం లేదనిపిస్తుంది. నిజానికి తొడ కండరాలు ఒకపక్క సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి. ఎక్కేటప్పటి కంటే వాటికి అదే పెద్ద దెబ్బ.

కేబుల్ బ్రిడ్జి మీదికి వచ్చేసరికి వెలుతురు బాగా వచ్చింది. 2020లో తెరిచిన వంతెన ఇది. కార్లో పోతే నిమిషంలో అయిపోతుంది. పరుగెత్తుతూ పోతే రెండు వైపులా నీళ్లు, ఆ నీళ్ల పక్కన గుండ్లు, తల మీదికి వాలుగా దిగే పసుపు తీగలు అన్నీ తీరిగ్గా చూడొచ్చు. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. మళ్లీ చెరువే. అంటే మళ్లీ పల్లమే.

వంతెన దాటి ఇనార్బిట్ మాల్ వైపు ఎక్కుతుండగా కుడి తొడ పట్టేసింది. లోపల ఎవరో తాడు మెలిపెట్టినట్టు. రోడ్డు పక్క రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. నేను వదిలేసి వచ్చిన 2:45 జెండా నన్ను దాటి వెళ్లిపోయింది. ఒక వాలంటీర్ అబ్బాయి స్ప్రే కొట్టి, మోకాలి దగ్గర కాలు మడిచి పట్టుకున్నాడు. "ఆగిపోతారా మేడమ్, వెహికల్ ఉంది" అన్నాడు. వద్దన్నాను. రెండు నిమిషాలు నడిచి, ఇరవై అడుగులు పరుగెత్తి, మళ్లీ నడిచి, అలా మైండ్‌స్పేస్ దాటాను.

బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర వెనకనుంచి మెల్లగా అడుగుల చప్పుడు. స్టార్ట్ లైన్ పెద్దాయన! మొదటి కిలోమీటరులో ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు, టీషర్ట్ తడిసింది అంతే. "దిగుట్ల ఉరికినవా?" అని అడిగారు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. నా అడుగుకు తగ్గట్టు ఆయన అడుగు తగ్గించారు. తన టైమ్ పోతుందని తెలిసీ గచ్చిబౌలి దాకా నాతోనే వచ్చారు. దారిలో పెద్దగా మాట్లాడుకోలేదు. చడావు వచ్చినప్పుడల్లా "చిన్నగ" అనేవారు, అంతే.

గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. అక్కడ ముగింపు గీత దాటినప్పుడు నా టైమ్ 2 గంటల 58 నిమిషాలు. మెడల్ వేయించుకుని వెనక్కి తిరిగేసరికి పెద్దాయన జనంలో కలిసిపోయారు. ఆయన పేరు కూడా అడగలేదు. చాలాసేపు అరటిపళ్ల బల్లల దగ్గర, మెడల్స్ ఇచ్చే చోట వెతికాను.

సోమవారం పొద్దున్న మళ్లీ అదే రైలు. చెక్‌పోస్ట్ వచ్చేముందు సీట్లోంచి లేచి తలుపు దగ్గర, అద్దానికి ఆనుకుని నిలబడ్డాను. కింద కార్లు, బైకులు, హారన్లు. కేబీఆర్ వైపు నుంచి వచ్చే రోడ్డు ఆఖరి మలుపులో ఎలా పైకి లేస్తోందో, ఒక తోపుడుబండి అతను అక్కడికి రాగానే ఎలా ముందుకు వంగి నెడుతున్నాడో స్పష్టంగా కనిపించింది. రైలు కదిలేదాకా అతన్నే చూస్తూ ఉన్నాను.