శతాధిపతి చేతి కింద నిజంగా ఎంతమంది?

మా చర్చిలో గుడ్ ఫ్రైడే రోజు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. వాళ్ళలో ఎవరో ఒకరు సిలువ దగ్గర నిలబడిన శతాధిపతి దాకా వచ్చి, "అంటే నూరుమంది సైనికుల మీద అధికారి" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోతారు. నేనేమో పటాలంలో కంపెనీ హవల్దార్ మేజర్‌గా చేసినవాణ్ణి. నూరుమంది అనగానే నాకు సాయంత్రం రోల్ కాల్ గుర్తొస్తుంది. లీవులో ఉన్నవాళ్ళు, కోర్సుకు పోయినవాళ్ళు, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు, గార్డు డ్యూటీ, లంగర్లో వంటకు పెట్టినవాళ్ళు... అందర్నీ కలిపితేనే కాగితం మీది సంఖ్య వస్తుంది. కళ్ళెదుట ఫాలిన్ అయ్యేది ఎప్పుడూ అంతకంటే తక్కువే. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చేది: సరే, పరేడ్ స్టేట్, అంటే నిజంగా వరుసలో నిలబడ్డవాళ్ళ లెక్క, ఎంత?

శతాధిపతి కింది దళాన్ని సెంచురీ అనేవారు. చదివితే తెలిసింది, రోమన్ చక్రవర్తుల కాలానికి ఆ 'నూరు' 80 అయింది. ఎనిమిదేసి మందికి ఒక గుడారం, అలాంటి గుడారాలు పది. ఆ ఎనిమిది మందీ ఒకే చోట పడుకోవాలి, ఒకే చోట వండుకు తినాలి. ఆరు సెంచురీలు ఒక కోహోర్ట్, పది కోహోర్టులు ఒక లీజియన్. మొదటి కోహోర్టులో మాత్రం సెంచురీలు అయిదే, కానీ ఒక్కోటి రెట్టింపు. ఆ లెక్కన లీజియన్‌కు 59 మంది శతాధిపతులు. అందరికంటే పెద్దవాణ్ణి ప్రిముస్ పిలుస్ అనేవారు. చాలామంది కింది నుంచి ఎదిగి వచ్చినవాళ్ళే. పెద్దింటి పిల్లలు నేరుగా ఆ పదవిలోకి దిగిన సందర్భాలూ ఉన్నాయి, అది ఏ సైన్యంలోనైనా ఉన్నదే.

శతాధిపతి హెల్మెట్ మీద కుచ్చు ఈ చెవి నుంచి ఆ చెవికి అడ్డంగా ఉండేది. దుమ్ములో, తొక్కిసలాటలో వెనకవాళ్ళకు తమ మనిషి ఎక్కడున్నాడో ఒక్క చూపులో తెలియాలి. శత్రువుకూ అంతే బాగా తెలుస్తుందన్నది వేరే సంగతి. ఆ ఖరీదు సీజర్ లెక్కల్లోనే కనబడుతుంది. క్రీ.పూ. 52లో గెర్గోవియా దగ్గర అతను పోగొట్టుకున్నది దాదాపు 700 మందిని, అందులో 46 మంది శతాధిపతులు. నాలుగేళ్ళ తర్వాత ఫార్సాలస్‌లో గెలిచాడు. పోయినవాళ్ళు 200 మందేనట, వాళ్ళలో 30 మంది శతాధిపతులే. ఎనభై మందికి ఒకడుండే చోట, చచ్చినవాళ్ళలో ఏడుగురికి ఒకడు! ముందు నిలబడేది ఎవరో చెప్పడానికి ఇంకే సాక్ష్యం కావాలి?

అలాగని దేవుళ్ళేమీ కాదు. చేతిలో ద్రాక్ష కొమ్మ కర్ర ఒకటి ఉండేది, అదే వాళ్ళ హోదా గుర్తు, దాంతోనే కొట్టేవారు. క్రీ.శ. 14లో అగస్టస్ చక్రవర్తి చనిపోగానే పన్నోనియా అనే రోమన్ రాష్ట్రంలో సైనికులు తిరగబడి లూసిలియస్ అనే శతాధిపతిని చంపేశారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సైనికులు అతనికి పెట్టుకున్న పేరు 'ఇంకోటి తే'. వీపు మీద ఒక కర్ర విరిగితే ఇంకో కర్ర, అదీ విరిగితే మరోటి అని కేకేసేవాడట. పటాలంలో పేర్లు పెట్టడంలో జవాన్లను మించినవాళ్ళు లేరు, రెండు వేల ఏళ్ళ కిందటా అంతే.

లీవు సంగతి ఇంకా బాగుంటుంది. డ్యూటీ తప్పించుకోవాలంటే శతాధిపతికి డబ్బు ముట్టజెప్పాలి. సెంచురీలో నాలుగో వంతు మంది లీవులోనో, క్యాంపులోనే పనీపాటా లేకుండానో ఉన్నా, డబ్బు అందితే పట్టించుకునేవాడు కాదు. క్రీ.శ. 69లో ఒథో చక్రవర్తి అయ్యాక ఈ గొడవ అతని దాకా వచ్చింది. లంచం ఆపితే శతాధిపతులకు కోపం, ఆపకపోతే సైనికులకు కోపం. అందుకని ఆ డబ్బు ఇకపై ఖజానా నుంచి ఇస్తానన్నాడు! లంచానికి బడ్జెట్ కేటాయించిన ప్రభువు అతనొక్కడే కాకపోవచ్చు, కానీ ఇంత బాహాటంగా చేసినవాళ్ళు అరుదు.

తన సేవకుణ్ణి బాగుచెయ్యమని యేసును వేడుకున్న కపెర్నహూము శతాధిపతి గురించి కూడా ఒక మాట. ఆ కాలంలో గలిలయ హేరోదు అంతిప పాలనలో ఉంది, అక్కడ రోమన్ లీజియన్ లేదు. కాబట్టి ఆయన హేరోదు కొలువులోని అధికారి అయి ఉండొచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. ఎవరి కొలువైతేనేం, ఆయన మాట మాత్రం అచ్చం మధ్య ర్యాంకు మనిషి మాట. నేనూ ఒకరి అధికారానికి లోబడ్డవాణ్ణే, నా కింద సైనికులున్నారు, పొమ్మంటే పోతారు, రమ్మంటే వస్తారు అంటాడు. ముందు తన పైవాడి సంగతి, తర్వాతే తన కిందివాళ్ళ సంగతి. జనరల్ అయితే అలా మొదలుపెట్టడు.

నాకు అందరిలోకీ నచ్చినవాడు స్పూరియస్ లిగుస్తినస్. క్రీ.పూ. 171లో మాసిడోనియా మీద యుద్ధానికి రోమ్‌లో సైన్యం కూడగడుతున్నారు. అంతకు ముందు ప్రిముస్ పిలుస్‌గా చేసిన 23 మంది, ఇప్పుడు కింది ర్యాంకులో చేరమంటే చేరమని పేచీ పెట్టారు. అప్పుడు లిగుస్తినస్ లేచి తన సర్వీసు మొత్తం చెప్పుకొచ్చాడు. ఆ ప్రసంగాన్ని లివీ తన చరిత్రలో రాసిపెట్టాడు. తండ్రి వదిలింది ఒక యూగెరుం నేల, అంటే మన లెక్కలో అరవై సెంట్ల పైచిలుకు, ఒక చిన్న గుడిసె. కట్నం లేని పెళ్ళి. ఆరుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. క్రీ.పూ. 200లో మామూలు సిపాయిగా చేరి రెండేళ్ళు చేశాడు, మూడో ఏట శతాధిపతి అయ్యాడు, అదీ అన్నిటికంటే కింది సెంచురీకి. తర్వాత స్పెయిన్, గ్రీసు, మళ్ళీ స్పెయిన్. నాలుగుసార్లు ప్రిముస్ పిలుస్. సేనాపతుల చేతుల మీదుగా 34 బహుమానాలు. తోటి పౌరుడి ప్రాణం కాపాడినవాడికిచ్చే ఆకుల కిరీటం ఆరుసార్లు. వయసు యాభై దాటింది, సర్వీసు 22 ఏళ్ళు. ఇంటికి పోతానంటే ఎవరూ కాదనలేరు. అయినా, సైన్యానికి నేను పనికొస్తానంటే ఏ ర్యాంకు ఇచ్చినా చేస్తాను అన్నాడు. మొదటి లీజియన్‌కు ప్రిముస్ పిలుస్‌గా వేశారు, మిగతావాళ్ళు పేచీ మానుకున్నారు.

ప్రసంగానికి లివీ ఎంత నగిషీ చెక్కాడో గానీ, సర్వీసు రికార్డు చెప్పే తీరు చూస్తే మాత్రం అసలు మనిషి కనబడతాడు. రిటైరైన మా సుబేదార్లు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు ఇలాగే మాట్లాడతారు. ఎవరి కమాండ్‌లో, ఏ ఏడాది, ఎక్కడ. సొంత గొప్ప చివర్లో రెండు ముక్కలు.

ఇంకొక శతాధిపతి స్మారక రాయి జర్మనీలో బాన్ మ్యూజియంలో ఉంది. మార్కస్ కేలియస్, 18వ లీజియన్, ఊరు బొలోన్యా. వయసు 53న్నర అని రాయి మీద చెక్కారు. క్రీ.శ. 9లో రోమన్ సేనాపతి వరుస్‌తో పాటు మూడు లీజియన్లు జర్మనీ అడవిలో తుడిచిపెట్టుకుపోయినప్పుడు పోయాడు. బొమ్మలో ఛాతీ నిండా పతకాలు, చేతిలో అదే ద్రాక్ష కర్ర. పక్కన అతను విడుదల చేసిన ఇద్దరు బానిసల ముఖాలు కూడా చెక్కించి, వాళ్ళ పేర్లు రాయించారు. శవం దొరకలేదు, రాయి పెట్టించింది తమ్ముడో అన్నో. అస్థికలు ఇక్కడ ఉంచవచ్చు అని కింద ఒక వరుస.

నూరుమందికి ఒకడు అన్న పద్ధతి రోమ్ సొంతమేమీ కాదు. క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి పోయిన పర్షియా సైన్యంలో పదికి, నూరుకి, వెయ్యికి, పదివేలకి అధిపతులుండేవారని హెరొడోటస్ రాశాడు. పదికీ నూరుకీ మనుషుల్ని ఎంచుకునేది పదివేల అధిపతి. మన దగ్గర శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పేదీ ఇదే: దశాధిపతులు, శతాధిపతులు, వాళ్ళ పైన సహస్రాధిపతి. ఆ సహస్రాధిపతి శూరుడై ఉండాలి, అలసత్వం లేనివాడై ఉండాలి అంటాడు. కౌటిల్యుడి లెక్క కాస్త చిత్రంగా ఉంటుంది. పది అంగాలకు పదికుడు, పదిమంది పదికులకు సేనాపతి, పదిమంది సేనాపతులకు నాయకుడు. అంటే అక్కడ సేనాపతి నాయకుడి కింద పనిచేసేవాడు! మన సినిమాల్లో సేనాపతులు వింటే నొచ్చుకుంటారు.

ఇక మంగోలులు. వీళ్ళ దగ్గర పద్ధతి ఉక్కులా ఉండేది. 1206లో చెంఘిజ్ ఖాన్ తన జనాన్నంతా పదులు, నూర్లు, వేలుగా విడగొట్టి 95 మంది సహస్రాధిపతుల్ని వేశాడు. చాలాచోట్ల పాత తెగల్ని చెల్లాచెదురు చేసి కొత్త దళాల్లో కలిపేశాడు. ఒకడు తన దళం వదిలి ఇంకో దళంలోకి పోవడానికి లేదు. 1245లో పోప్ పంపగా మంగోలుల దగ్గరికి వెళ్ళిన కార్పినీ అనే సన్యాసి రాసిన దాని ప్రకారం, పదిమందిలో ఒకరిద్దరు పారిపోతే పదిమందినీ చంపేవారు. పదిమందిని సరిగా నడపలేని దశాధిపతిని పెళ్ళాంబిడ్డలతో సహా దోషిగా పట్టి, ఆ పదిమందిలోంచే ఇంకొకణ్ణి అధిపతిని చేస్తాననేవాడు ఖాన్. నూరుకీ, వెయ్యికీ అదే నియమం.

ఇంత క్రూరుడే, ఒక వీరుడి గురించి చెప్పిన మాట చూడండి. అతనంత ధైర్యవంతుడు లేడు, ఎంత దూరం నడిచినా అలసిపోడు, ఆకలిదప్పులు ఎరగడు, అందుకే అతను సైన్యాన్ని నడపడానికి పనికిరాడు అన్నాడట. తనలాగే అందరూ అలసిపోరనుకుంటాడు కదా! ఆకలి, దాహం తెలిసినవాడే పక్కవాడి ఆకలిని లెక్కలోకి తీసుకుంటాడు. పరుగులో ఫస్టొచ్చే కుర్రాణ్ణి సెక్షన్ కమాండర్ చెయ్యాలని తొందరపడేవాళ్ళకు ఈ మాట వినిపించాలని నాకు చాలాసార్లు అనిపించింది. గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ కూడా రోమన్లు శతాధిపతి కోసం దూకుడుగాణ్ణి వెతకరని, నిలకడగా, తొణకకుండా నిలబడి అవసరమైతే ఉన్నచోటే చచ్చేవాణ్ణి వెతుకుతారని రాశాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు, మధ్యలో పద్నాలుగు వందల ఏళ్ళు.

చెంఘిజ్ కూడా హెడ్‌క్వార్టర్స్ రోగం తప్పించుకోలేదు. నా కాపలాభటుడు బయటి సహస్రాధిపతి కంటే పైవాడు, అతని సేవకుడు బయటి శతాధిపతి కంటే పైవాడు అని శాసించాడు. ఫీల్డులో చేసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

నూరుమంది ముఖాలు తెలిసిన మనిషి ఉన్నంతకాలం సంఖ్య 80 అయినా, 112 అయినా నడుస్తుంది. 112 అని ఎందుకన్నానంటే చైనాలో మింగ్ రాజుల కాలంలో 'నూరు' దళం అంతమందిది. అది బాగానే ఉంది, కానీ పదవిని వంశపారంపర్యం చేశారు. తండ్రి శతాధిపతి అయితే కొడుకూ శతాధిపతే. కాలం గడిచేకొద్దీ సిపాయిలు పారిపోయారు, దళాలు కాగితాల మీద మిగిలాయి, అధిపతులు వాళ్ళతో తమ పొలాల్లో పని చేయించుకున్నారు.

మొగలాయీల దగ్గర సంఖ్య మనుషుల నుంచి పూర్తిగా ఊడిపోయింది. అక్బర్ మన్సబ్‌లు, అంటే కొలువులో హోదా అంకెలు, పది నుంచి పదివేల దాకా ఉండేవి. నూరు మన్సబ్ ఉన్నవాణ్ణి యూజ్‌బాషీ అనేవారు. అది జీతం లెక్క, దర్బారులో ఎక్కడ నిలబడాలన్న లెక్క. నిజంగా ఎన్ని గుర్రాలు పెట్టాలన్నది 'సవార్' అనే వేరే అంకె. ఆ గుర్రాలూ ఉండేవి కావు. తనిఖీ రోజు పక్కవాడి గుర్రాలు తెచ్చి చూపించి, మర్నాడు తిరిగి పంపించేసేవారు. అందుకే అక్బర్ 1570ల్లో గుర్రాలకు వాతలు పెట్టించి, సవార్ల ముఖకవళికలు చిట్టాలో రాయించాడు. ఇన్‌స్పెక్షన్ ముందురోజు రాత్రి దుప్పట్లు, బూట్లు ఒక బ్యారక్ నుంచి ఇంకో బ్యారక్‌కు ఎలా ప్రయాణిస్తాయో చూసినవాళ్ళెవరూ అక్బర్‌ను తప్పుపట్టరు. ఆ మన్సబ్‌లే నిజాం రాజ్యంలో చివరికి ఇంటి దగ్గర కూర్చుని తీసుకునే పింఛన్లుగా మిగిలాయి.

ఇవన్నీ ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నవే అనుకుందామంటే ఇంకాలు అడ్డొస్తారు. సముద్రాల అవతల, పెరూ కొండల్లో, ఈ ఖండాలతో ఏ పొత్తూ లేకుండా, వాళ్ళూ జనాన్ని పది, నూరు, వెయ్యి, పదివేల కుటుంబాల లెక్కన విడగొట్టి ఒక్కో అంచెకు ఒక్కో అధికారిని పెట్టారు. లెక్కలు తాళ్ళ ముడుల్లో. పది ఎందుకో చేతివేళ్ళు చూస్తే తెలుస్తుంది. నూరు దగ్గర అందరూ ఆగి ఒక అధికారిని పెట్టడానికి నా కారణం నేను చెబుతాను: మైకు లేకుండా ఒక గొంతు అందేది, ఒక మనిషి పేరూ ఊరూ గుర్తుపెట్టుకోగలిగేది దాదాపు అంతమందినే. ఇప్పటికీ పదాతిదళంలో ఒక కంపెనీ నూరు, నూట ఇరవై దగ్గరే తిరుగుతుంది.

ఆ పదవి పేరు కొన్నిచోట్ల ఇంకా అలాగే ఉంది. టర్కీ సైన్యంలో కెప్టెన్‌ను ఇవాళ్టికీ యూజ్‌బాషీ అనే అంటారు, మేజర్‌ను బిన్‌బాషీ, అంటే వెయ్యికి పెద్ద. కోసాక్కుల్లో సోత్నిక్ అంటే నూరుకు పెద్ద. 2013-14 చలిలో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో మైదాన్ కూడలిలో నిలబడ్డ నిరసనకారులు కూడా తమ రక్షణ దళాల్ని 'నూర్లు'గానే కట్టుకున్నారు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళను ఉక్రెయిన్‌లో స్వర్గపు నూరు అని తలుచుకుంటారు.

మన దగ్గర ఆ కుర్చీ సుబేదార్‌ది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో మొదట్లో సిపాయి కంపెనీని నడిపింది సుబేదారే. 1796 మార్పుల్లో పటాలానికి తెల్ల ఆఫీసర్ల సంఖ్య బాగా పెంచాక అతను పక్కకు జరిగాడు, పేరు ఉంది, పెత్తనం పోయింది. నేను చేరేనాటికి కంపెనీ కమాండర్ మేజర్ సాబ్, సుబేదార్ సాబ్ ఆయన పక్కన. లీవు దరఖాస్తు మీద సంతకం మేజర్ సాబ్‌దే. ఎవడి చెల్లెలి పెళ్ళి నిజం, ఎవడికి అసలు చెల్లెలే లేదు అన్నది మాత్రం ఆయన సుబేదార్ సాబ్‌నే అడిగేవారు.