షిఫ్ట్ నొక్కితే ళ

మా పెద్దోడు ఈ ఏడాది తొమ్మిదో క్లాసుకి వచ్చాడు. స్కూల్లో రోబోటిక్స్ క్లబ్బులో ఎవడో సీనియర్ చెప్పాడంట, రోబోలని నడిపే ఆర్ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంటే ఉబుంటు 24.04 అనే లైనక్స్ ఉండాల్సిందేనని, ఇక పొద్దున లేస్తే అదే గోల. నా పాత లాప్‌టాప్ వాడికే ఇచ్చేశాంలెండి, విండోస్ 11 ఉంది అందులో. విండోస్ లోపలే నడిచే వర్చువల్ మెషీన్ పెట్టుకోరా, విండోస్‌కి ఏమీ కాదు అన్నా. ర్యామ్ 8 జీబీయే కదా, రెండూ కలిసి నడిస్తే నత్తలాగా ఉంటుంది, పక్కన వేరే పార్టిషన్‌లో పెడతా అన్నాడు. నిజమే, నేను కాదనలేకపోయా.

నా భయం వేరు. 2003లో గుంటూరులో ఎంసీఏ చదివేటప్పుడు పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన లైనక్స్ సీడీ పట్టుకుని హాస్టల్లో ఫ్రెండ్ కంప్యూటర్ మీద ప్రయోగం చేశాను, పార్టిషన్ సంగతి అదే చూసుకుంటుందిలే అని ఎంటర్ కొట్టా, అది చూసుకుంది, హార్డ్ డిస్క్ మొత్తం ఊడ్చేసింది. దాని ప్రాజెక్ట్ రిపోర్ట్ కూడా పోయింది. ఆ పిల్ల ఇప్పటికీ నన్ను వాట్సాప్‌లో ఫార్మాట్ అనే పిలుస్తుంది. అందుకే మా వాడికి మొదటి షరతు, ఫైళ్ళన్నీ బయట డ్రైవ్‌లోకి కాపీ చేశాకే మిగతాదని.

శనివారం పొద్దున కూర్చున్నాం ఇద్దరం. ఇక్కడ డాలస్‌లో సెప్టెంబర్ అంటే ఇంకా ఎండలే, బయటికి వెళ్ళే పని లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి సీ డ్రైవ్‌ని కుదిద్దామంటే 210 జీబీ ఖాళీ ఉన్నా 38 మాత్రమే ఇస్తానంటుంది. ఎందుకంటే కదలని ఫైళ్ళు కొన్ని మధ్యలో తిష్ట వేసుకుని ఉంటాయి, వాటిని దాటి కుదించనివ్వదు. హైబర్నేషన్ ఆపేసి, రిస్టోర్ పాయింట్లు తీసేసి, ఓసారి రీస్టార్ట్ చేస్తే అప్పుడు 110 దాకా ఇచ్చింది. హైబర్నేషన్ ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, అది మంచిదే, లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉన్నట్టు ఉంటుంది, లైనక్స్ వైపు నుంచి ఆ ఫైళ్ళలో ఏమీ రాయడానికి కుదరదు.

తర్వాత చేశాడు మా వాడు ఘనకార్యం. ఏదో పాత వీడియో చూసి బయాస్‌లోకి వెళ్ళి, సంతకం ఉన్న సిస్టమ్‌లనే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆపేశాడు. ఉబుంటుకి అసలు ఆ అవసరమే లేదు, సంతకం ఉన్న బూట్‌లోడర్‌తోనే వస్తుంది అది. నన్ను అడిగితే చెప్పేదాన్ని, అడగలేదు. తిరిగి ఆన్ చేస్తే నీలం రంగు స్క్రీన్ ప్రత్యక్షం, డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వమని. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతే మాకు తెలీదు. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48. ఆ కీ మా ఆయన మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంది, ఆయనేమో కూరగాయలకి వెళ్ళాడు, ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ గుర్తులేదు, అదో అరగంట.

చివరికి దొరికింది. నేను కీబోర్డ్ దగ్గర కూర్చున్నా, వాడు ఫోన్ చూసి చదవాలి. ఇంగ్లీషులో గడగడా చదివేస్తున్నాడు, రెండో గుంపులోనే నేను తప్పు కొట్టా. అప్పుడు తెలుగులో చదవరా అన్నా. ఏదో భాషాభిమానంతో కాదు, తెలుగులో అయితే వాడి స్పీడు తగ్గుతుంది కాబట్టి. నాలుగు... సున్నా... ఏడు... ఆగి... ఎనిమిది, కాదు కాదు తొమ్మిది. ఎనిమిదీ తొమ్మిదీ ఎప్పుడూ కలిసిపోతాయి వాడికి, వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాకే చెప్తాడు. ఆరో గుంపుకి వచ్చేసరికి వేళ్ళు మానేశాడు. తీసుకుంది ఆ కీని. ఇప్పుడది ప్రింట్ తీసి పూజ గది తలుపు వెనక వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన అంటించా, సెక్యూరిటీ వాళ్ళు నవ్వితే నవ్వనీండి.

అసలు ఇన్‌స్టాల్ అయితే ఇరవై నిమిషాల పని, దాని గురించి చెప్పేదేం లేదు. డిస్క్ చెరిపేయమంటావా, విండోస్ పక్కన పెట్టమంటావా అని అడిగే చోట మాత్రం వాడి చెయ్యి పట్టుకుని ఆపి రెండుసార్లు చదివించా.

ఆదివారం పాట్‌లక్‌లో ఈ సంగతి చెప్తే ఒకావిడ, మన పిల్లలందరూ డ్యూయల్ బూటేనండీ, బయట ఒకటి ఇంట్లో ఒకటి అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వా, కానీ నాకు నచ్చలా ఆ పోలిక. డ్యూయల్ బూట్‌లో, అంటే ఇలా ఒకే లాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకుంటే, ఒకటి నడుస్తుంటే రెండోది చచ్చి పడుంటుంది, మారాలంటే మొత్తం ఆపి మళ్ళీ మొదలెట్టాలి. మా వాడు అలా కాదే, అమ్మా నేను హోమ్‌వర్క్ సబ్మిట్ చేసేశా ఆకలేస్తోంది పప్పు హీట్ చెయ్యవా అని ఒకే ఊపిరిలో అంటాడు.

తర్వాతి శనివారం ఇంకో చిత్రం. పొద్దున 9 గంటలకి వాడు విండోస్ తెరిస్తే మధ్యాహ్నం 2 అని చూపిస్తోంది, పదింటి తెలుగు క్లాసు అయిపోయిందనుకుని నేను ఒక్క క్షణం గుండె పట్టుకున్నా. సంగతేంటంటే మదర్‌బోర్డ్ మీద ఉన్న గడియారం ఒకటే, దాంట్లో ఉన్నది లోకల్ టైమ్ అని విండోస్ అనుకుంటుంది, యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్, అని లైనక్స్ అనుకుంటుంది. మాకు ఎండాకాలం టైమ్‌లో యూటీసీకి 5 గంటల తేడా, ఆ 5 గంటలే ముందుకి జరిగింది. లైనక్స్‌నే లోకల్ టైమ్‌కి మార్చొచ్చు ఒక్క కమాండ్‌తో, కానీ అప్పుడు నవంబర్లో గంట వెనక్కి మార్చేటప్పుడు తికమక రావొచ్చు. అందుకని విండోస్ రిజిస్ట్రీలోకి వెళ్ళి దాన్నే యూటీసీ చదివేలా చేశాం. ఇక్కడ పొద్దున 9 అంటే తెనాలిలో రాత్రి ఏడున్నర అని ఎప్పుడూ లెక్క కట్టుకునే ఇల్లు మాది, ఈ గొడవ వాడికి ఇట్టే అర్థమైంది.

నేను అనుకోనిది ఇంకోటి జరిగింది. రెండేళ్ళ కింద తెనాలిలో మా అక్క కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు వీడు "పెల్లి" అన్నాడని అక్కడి పిల్లలు నవ్వారు. పాపం చిన్నపిల్లలే, కావాలని కాదు. కానీ ఆ రోజు నుంచి వాళ్ళతో ఇంగ్లీషే. నేను ఎన్నిసార్లు ళ అనిపించినా మూతి ముడుచుకుని వెళ్ళిపోయేవాడు.

ఉబుంటులో తెలుగు టైపింగ్ పెట్టింది నేనే, నా కోసం. టైపింగ్ సంగతి చూసుకునే ఐబస్‌కి ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేస్తే తెలుగుకి కొన్ని రకాల కీబోర్డులు వస్తాయి, అందులో ఆర్‌టీఎస్ ఒకటి. 1990ల్లో మన తెలుగు స్టూడెంట్లు హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో తయారుచేసుకున్న పద్ధతి అది, ఆ రైస్ పేరే దానికి ఉంది. మా ఇంటి నుంచి నాలుగు గంటల పైన డ్రైవ్. మా వాడు వచ్చి నేనూ తాతయ్య అని కొడతానని, మామూలుగా ఫోన్లో కొట్టినట్టు టీ హెచ్ ఏ, టీ హెచ్ ఏ అని కొట్టాడు. వచ్చింది "థథయ్య".

వాడికి కోపం రాలేదు. చెరిపాడు, టీ పక్కన హెచ్ తీసేశాడు, దీర్ఘానికి పెద్ద ఏ కొట్టాడు, తాతయ్య వచ్చింది. ఇక ఒక్కో అక్షరం పట్టుకున్నాడు. చిన్న టీ త, పెద్ద టీ ట. చిన్న డీ ద, పెద్దది డ. చిన్న ఎన్ న, పెద్దది ణ. కాసేపు పెదాలు కదుపుకుంటూ కూర్చుని, అమ్మా, షిఫ్ట్ నొక్కితే నాలుక వెనక్కి మడవాలి అన్నమాట, అంతేనా అన్నాడు. ఎల్ దగ్గరికి వచ్చి షిఫ్ట్ నొక్కి పట్టుకుని ళ అన్నాడు. సరిగ్గా అన్నాడు. నేను కుక్కర్ దగ్గరికి వెళ్ళిపోయా, అక్కడే ఉంటే ఏదో ఒకటి మెచ్చుకుని చెడగొడతానని.

జనవరిలో మా అక్క కొడుకు పెళ్ళి ఉంది. ఉబుంటులోనే బ్రౌజర్లో వాట్సాప్ తెరిచి మా నాన్నకి మెసేజ్ పెట్టాడు, "తాతయ్యా, పెళ్ళికి మేము వస్తున్నాము" అని, మూడు నిమిషాలు పట్టింది. మా నాన్న ఫోన్లో తెలుగు అక్షరాలు ఎప్పుడూ కొట్టలేదు, మనందరి నాన్నల్లాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాడు. పెళ్ళికి తప్పకుండా రండి నాన్నా అని వచ్చింది జవాబు, అన్నీ చిన్న అక్షరాలే. మా వాడు స్క్రీన్ దగ్గరికి వంగి దాన్ని అక్షరం అక్షరం చదివి, "అమ్మా, తాతయ్య షిఫ్ట్ నొక్కలేదు" అన్నాడు.